‘ఏడిపిస్తున్నారమ్మా’ అని ఎందుకు చెప్పరు?

సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. శనివారం సాయంత్రం లేదు, ఆదివారమంతా లేదు. బడి బస్సు హారన్ వినపడగానే మొదలవుతుంది. డాక్టరు చూసి, ‘ఏం లేదమ్మా, పిల్ల బాగానే ఉంది’ అంటాడు. ‘దొంగ నొప్పులు! బడి ఎగ్గొట్టాలని వేషాలు!’ అని నాలుగు చీవాట్లు పెట్టి పంపేస్తాం. పిల్ల సంచీ తగిలించుకుని, తల వంచుకుని వెళ్ళిపోతుంది.

బందరు చిలకలపూడిలో అయినా, గుడివాడలో అయినా, దివిసీమ చివర కోడూరులో అయినా ఈ సోమవారం కడుపునొప్పిని చూడని తల్లి ఉండదు. కొంతమందికి అది హోంవర్కు భయం, కొంతమందికి లెక్కల పరీక్ష భయం. కానీ కొంతమంది పిల్లలకు భయం పుస్తకాల వల్ల కాదు, పక్క బెంచీ వల్ల. తోటి పిల్లలు పెట్టిన పేరు వల్ల, దాచేసిన చెప్పుల వల్ల, భోజనాల దగ్గర జరిగిపోయి వదిలేసిన ఖాళీ చోటు వల్ల. ఆ సంగతి మనకు చెప్పరు. సంవత్సరాలు గడిచి, పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా చెప్పని ఆడవాళ్ళున్నారు!

ఎందుకు చెప్పరు? తప్పు చేసింది ఎవరో అయితే, సిగ్గుతో కుంచించుకుపోయేది వీళ్ళెందుకు?

ఒకే మాట... ఆటకూ, హింసకూ!

ముందు మన భాష సంగతే చూద్దాం. ‘ఏడిపించడం’ అన్న మాటని మనం ఎన్ని రకాలుగా వాడతాం! బావ మరదల్ని ఏడిపిస్తాడు. తాతయ్య మనవరాల్ని ఏడిపిస్తాడు. అందులో ప్రేముంది, చనువుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. అదే మాటని, రోజూ నలుగురు చేరి ఒక పిల్లని గోడకి ఆనించి వెక్కిరించడానికి కూడా వాడతాం. ‘ఏడిపిస్తున్నారమ్మా’ అని పిల్ల చెబితే, ‘సరదాకి అని ఉంటార్లే’ అని మనకు అనిపించడంలో ఆశ్చర్యమేముంది? మాటే అలా ఉంది మరి.

మన పెద్దవాళ్ళు మాత్రం తేడా గుర్తించారు. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అన్నారు. ఈ సామెతని మించిన నిర్వచనం ఇంకొకటి లేదు. నార్వే దేశపు మానసిక శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ 1970ల నుంచి బడిపిల్లల మీద పరిశోధనలు చేసి తేల్చింది కూడా ఇదే. కావాలని బాధపెట్టడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం... ఈ మూడూ ఉంటే అది ఆట కాదు, హింస అన్నాడాయన. ఇద్దరూ సమానంగా తిట్టుకుంటే అది పోట్లాట. సాయంత్రానికి ‘కటీఫ్’ అనుకున్నా మర్నాటికి కలిసిపోతారు. ఒకళ్ళే రోజూ ఏడుస్తూ, మిగిలినవాళ్ళు రోజూ నవ్వుతుంటే అది పోట్లాట కాదు.

ఇదేదో అక్కడొకటీ ఇక్కడొకటీ జరిగేది కూడా కాదు. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో 2019లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు, అంతకుముందు నెల రోజుల్లో బడిలో తోటివారి చేతిలో వేధింపులకు గురైనవారే. నలభై మంది ఉన్న తరగతిలో ఓ డజను మంది అన్నమాట! వాళ్ళలో మన పిల్ల లేదని ఏ ధైర్యంతో అనుకుంటాం?

డెల్టా బడిలో ఏమని వెక్కిరిస్తారు?

కళ్ళజోడు పెడితే ‘సోడాబుడ్డి’. లావుగా ఉంటే ‘బొండాం’. మాట తడబడితే ‘నత్తి’. రంగు తక్కువైతే ‘కర్రి’. ఇవి అన్ని ఊళ్ళలోనూ ఉన్నవే. కానీ ప్రతి నేలకీ దాని సొంత వెక్కిరింతలు కూడా ఉంటాయి. మన దిగువ కృష్ణా ప్రాంతంలో అవి నీటి చుట్టూ తిరుగుతాయి.

నాగాయలంక అవతల ఎదురుమొండి దీవుల నుంచి పంటు దాటి పై చదువులకు వచ్చే పిల్లలున్నారు. గిలకలదిండి లాంటి మత్స్యకార పల్లెల నుంచి బందరు బళ్ళకు వచ్చేవాళ్ళున్నారు. గుడివాడ, బంటుమిల్లి వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉంటూ, చెరువు మారినప్పుడల్లా బడి మారే యానాది కుటుంబాల పిల్లలున్నారు. వీళ్ళు తరగతిలోకి రాగానే ముక్కు మూసుకునే పిల్లలు ఎక్కడో ఒకచోట ఉంటారు. ‘చేపల కంపు’ అన్న ఆ ఒక్క మాటలో కులం ఉంది, డబ్బుంది, ఊరి బయట ఇల్లుంది. అన్న పిల్లకి అంత తెలియకపోవచ్చు. పడిన పిల్లకి మాత్రం అంతా తెలుస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆ ముక్కు మూసుకున్న పిల్ల ఇంట్లో తినే అన్నంలో కూర కూడా ఆ చెరువుదే, ఆ సముద్రానిదే!

ఇక ప్రైవేటు బళ్ళ సంగతి. అక్కడ మార్కులే కులం. ర్యాంకుల లెక్కన సెక్షన్లు విడగొట్టి, ఆఖరి సెక్షన్‌లో పడేస్తే ఆ పిల్ల నుదుటిన రాసినట్టే. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో తడబడితే ఏడాదంతా నవ్వులే. ఈ నవ్వుల్ని ఒక్కోసారి టీచర్లే మొదలుపెడతారు. ‘నీ మొహానికి ఇంజనీరింగా?’ అని మాస్టారు ఒక్క మాట అంటే, మర్నాటి నుంచి క్లాసంతా ఆ పిల్లని ‘ఇంజనీరు’ అనే పిలుస్తుంది.

ఆడపిల్లలకు ఇవి చాలనట్టు ఇంకొన్ని. యూనిఫాం మీద మరక కనిపిస్తే గుసగుసలు. ఎవడో అబ్బాయి పేరుతో కలిపి బాత్రూం గోడ మీద రాతలు. ఒకప్పుడు గోడ మీద రాస్తే సున్నం కొట్టి చెరిపేసేవారు. ఇప్పుడు ఆ గోడ సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. వాట్సాప్ గ్రూపులోంచి ఒక్కదాన్నే తీసేయడం, ఫొటో మార్చి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం... బడి గంట కొట్టినా ఇవి ఆగవు. ఇంటికి వచ్చాక కూడా, మంచం మీద పడుకున్నాక కూడా మోగుతూనే ఉంటాయి.

నోరు మూయించేది ఎవరు?

పిల్లలు చెప్పకపోవడానికి కారణాలు పిల్లల్లో కంటే మనలోనే ఎక్కువ ఉన్నాయి.

మొదటిది, అవమానాన్ని చెప్పాలంటే ఆ మాటని మళ్ళీ తన నోటితో తానే అనాలి. ‘నన్ను బొండాం అంటున్నారమ్మా’ అని చెప్పడమంటే, ఆ పేరు అమ్మకి కూడా నేర్పడమే. రేపు అమ్మకి కోపం వస్తే అదే పేరు పెట్టి పిలుస్తుందేమో! చిన్న మనసులో ఇంత లెక్క నడుస్తుంది.

రెండోది, వాళ్ళన్నది నిజమేనేమో అన్న అనుమానం. వేధింపులో అసలు విషం ఇదే. పదిమంది పది రోజులు అంటే పదకొండో రోజుకి ఆ పిల్లే తనని అలా చూసుకోవడం మొదలుపెడుతుంది. దొంగతనం జరిగితే పోగొట్టుకున్నవాళ్ళు సిగ్గుపడరు. కానీ ఇక్కడ పోయింది వస్తువు కాదు, తన మీద తనకున్న గౌరవం. అది పోయిందని చెప్పుకోవడమే చిన్నతనమనిపిస్తుంది. ‘కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది’ అని మనం ఇంట్లో అనుకునే మాటలు వాళ్ళ చెవిన పడవా?

మూడోది ‘చాడీలు’. చిన్నప్పటి నుంచి మనం పిల్లలకి నేర్పేది ఏమిటి? ‘చాడీలు చెప్పకూడదు’ అని. మంచిదే. కానీ ఒకర్ని ఇరికించడానికి చెప్పేది చాడీ. తనని కాపాడమని చెప్పేది ఫిర్యాదు. ఈ తేడా ఏ బళ్ళోనైనా చెబుతున్నారా? పైగా క్లాసు లీడరు నల్లబల్ల మీద ‘మాట్లాడినవాళ్ళ పేర్లు’ రాస్తాడు. ఏడిపించినవాళ్ళ పేర్లు రాయడు! మాట్లాడితే తప్పు, మౌనంగా ఉంటే మంచి పిల్ల. మన బడి రోజూ నేర్పే పాఠాల్లో ఇదొకటి.

నాలుగోది, చెబితే జరిగే పరిణామం. అబ్బాయి చెబితే, ‘మగవాడివై ఉండి ఏడుస్తావేంట్రా, నువ్వూ నాలుగు తగిలించు’ అంటారు. అమ్మాయి చెబితే, ‘నువ్వేం చేశావ్ ముందు?’ అంటారు. ‘ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే’ అన్న సామెత ఆడపిల్ల పుట్టినప్పటి నుంచి వింటూనే ఉంటుంది. దారిలో ఎవడో వెంటపడుతున్నాడంటే, వాడి సంగతి చూడరు, ఈ పిల్ల చదువు మాన్పిస్తారు. మానిపించాక ఇంట్లో ఎన్నాళ్ళు ఉంచుతారు? సంబంధం చూస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 నిండకుండానే పెళ్ళయినవారు. అందులో ఎవరెవరి పెళ్ళికి ఇలాంటి ‘పరువు భయం’ కారణమో లెక్క తీసినవాళ్ళు లేరు. కానీ ఆడపిల్లకి ఆ లెక్క తెలుసు. నోరు విప్పితే చదువు పోతుందని తెలుసు. అందుకే నోరు మూసుకుని చదువుకుంటుంది. ఆ మౌనం పిరికితనం కాదు, చదువు కోసం ఆ పిల్ల కడుతున్న కప్పం!

కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని కలిసి ఒక అధ్యయనం ప్రచురించింది. ప్రతి ఇద్దరిలో ఒకరు మానసిక హింసకు గురవుతున్నారనీ, ఎక్కువమంది పిల్లలు తమకు జరిగిన అన్యాయాన్ని ఎవరికీ చెప్పడం లేదనీ అందులో తేలింది. మరో మాట కూడా ఉంది. ఆడపిల్లల్లో నూటికి 48 మందికి పైగా ‘మగపిల్లవాడినై పుడితే బాగుండేది’ అనుకున్నారట. చెప్పుకోలేని బాధ ఎక్కడికి పోతుందో ఈ ఒక్క అంకె చూస్తే తెలుస్తుంది.

కాలేజీకి చట్టం ఉంది... బడికి?

కాలేజీ సీనియర్ల ఆగడాలకు ‘ర్యాగింగ్’ అన్న పేరుంది. పేరుంది కాబట్టి దానికి చట్టం కూడా వచ్చింది. తమిళనాడులో 1996లో ఒక వైద్య విద్యార్థి హత్య దేశాన్ని కుదిపేశాక అక్కడ చట్టం చేశారు. 1997లో మన రాష్ట్రమూ ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు. విద్యార్థి ప్రాణం తీసుకునేలా చేస్తే యావజ్జీవం దాకా. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని ప్రిన్సిపాల్ కూడా నేరానికి తోడ్పడినట్టేనని అందులో ఉంది. 2009లో హిమాచల్‌ప్రదేశ్‌లో మరో వైద్య విద్యార్థి చనిపోయాక యు.జి.సి. నిబంధనలు, 1800-180-5522 హెల్ప్‌లైను వచ్చాయి.

ఇన్ని ఉన్నా ఏమైంది? 2015 జూలై 14న మన పక్క జిల్లాలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఋషితేశ్వరి అనే ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకుంది. వరంగల్ నుంచి ఎన్నో ఆశలతో వచ్చిన పిల్ల. ఆమె రాసుకున్న డైరీ బయటపడ్డాక రాష్ట్రమంతా అట్టుడికింది. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. అరెస్టులు జరిగాయి. తొమ్మిదేళ్ళ తర్వాత, 2024 నవంబరులో, సరైన సాక్ష్యాధారాలు లేవంటూ గుంటూరు కోర్టు ఆ కేసు కొట్టేసింది.

ఎవరు దోషులో, ఎవరు కాదో కోర్టు చూసే సంగతి. మనం చూడాల్సింది వేరే ఉంది. ఆ అమ్మాయి తన బాధని కాగితంతో చెప్పుకుంది. మనుషులతో చెప్పుకోగలిగిన చోటు ఆ ప్రాంగణంలో కనపడలేదు. బాధ బతికుండగా బయటికి రాకపోతే, ఆ తర్వాత దాన్ని నిరూపించడం ఎంత కష్టమో ఈ కేసు చెబుతోంది. మౌనానికి సాక్షులుండరు కదా!

పద్దెనిమిది దాటినవాళ్ళ పరిస్థితే ఇదైతే ఇక ఏడో తరగతి పిల్ల సంగతి ఏమిటి? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ ఆ శిక్షలన్నీ పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవే. లైంగిక వేధింపులైతే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా అందులో నేరమే. వైకల్యం ఉన్న పిల్లని పదిమందిలో కావాలని అవమానిస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద నేరం. సి.బి.ఎస్.ఇ. తన బళ్ళలో కమిటీలు వేయమని 2015లోనే చెప్పింది. అయితే మన ఊళ్ళలో ఎక్కువ బళ్ళు రాష్ట్ర సిలబస్ బళ్ళే. తోటిపిల్లలు రోజూ చేసే అవమానానికి మన బళ్ళలో ఇన్నాళ్ళూ పేరూ లేదు, పద్ధతీ లేదు. జపాన్‌లో 2011లో ఒత్సు అనే ఊళ్ళో ఒక బడిపిల్లవాడు చనిపోతే, 2013 కల్లా బడి వేధింపుల మీద ప్రత్యేక చట్టమే చేశారు.

మనకూ ఒక మలుపు వచ్చింది. అదీ మన రాష్ట్రం నుంచే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసులో తీర్పిస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వీటిని పాటించి తీరాలంది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకంటే తక్కువుంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కులం, వర్గం, ఆడ-మగ తేడా, వైకల్యం, మతం లాంటి కారణాలతో చేసే వేధింపుల మీద గుట్టుగా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటూ, ఒక కమిటీ ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష సాధిస్తే సహించకూడదు. ఇవీ అందులో ముఖ్యమైనవి.

ఇప్పుడు చెప్పండి. మీ పిల్ల బడిలో కౌన్సెలర్ పేరు మీకు తెలుసా? ఆ కమిటీ ఎక్కడుందో పిల్లకి తెలుసా? వీటికి జవాబు ‘తెలియదు’ అయితే, తీర్పు ఇంకా కాగితం మీదే ఉందన్నమాట.

ఒక రాత్రి గుడ్లవల్లేరులో...

గుడివాడకీ బందరుకీ మధ్య ఉన్న గుడ్లవల్లేరు 2024 ఆగస్టు చివరి రోజుల్లో దేశమంతటా వార్తల్లోకెక్కింది. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్ స్నానాల గదుల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న ఆరోపణతో విద్యార్థినులు రాత్రివేళ రోడ్డెక్కి న్యాయం కావాలని నినాదాలు చేశారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. మంత్రి, కలెక్టరు, ఎస్పీ హాస్టల్‌కి వెళ్ళారు. తనిఖీల్లో కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు.

‘చూశారా, పుకారు నమ్మి రభస చేశారు’ అన్నవాళ్ళు చాలామందే. కెమెరా లేదన్న మాట అలా ఉంచండి, ఆ పిల్లల భయం మాత్రం నిజం కాదా? ఒక్కతే వెళ్ళి వార్డెన్‌కి చెబితే వింటారన్న నమ్మకం ఉంటే అంతమంది అర్ధరాత్రి దాకా బయట నిలబడాల్సిన అవసరం వస్తుందా? నమ్మకంగా చెప్పుకునే చోటు లేనప్పుడు రెండే జరుగుతాయి. ఒక్కరే ఉంటే మౌనం, వందమంది కలిస్తే ఆందోళన. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన మూడో దారి పేరే ఫిర్యాదు వ్యవస్థ. అది ఉంటే పుకారుకీ చోటుండదు, మౌనానికీ చోటుండదు. బడి యాజమాన్యాలు తమ పేరు కాపాడుకోవడం కోసం ‘మా దగ్గర అలాంటివి లేవు’ అంటాయి. అసలు పేరు పోయేది ఆ మాటతోనే!

మన పిల్లే ఏడిపిస్తుంటే?

ఇది మనకు మింగుడుపడని ప్రశ్న. ముగ్గురిలో ఒకరు ఏడుస్తుంటే, ఏడిపించేవాళ్ళు కూడా ఎవరో ఒకరి పిల్లలే కదా? వాళ్ళేమీ రాక్షసులు కారు. ఇంట్లో విన్నది బడిలో అంటారు. పనిమనిషిని మనమేమంటామో, చేపలమ్మే ఆమె గుమ్మంలోకి వస్తే మనమెలా జరుగుతామో, కోడలి రంగు గురించి పెళ్ళిలో ఏమనుకున్నామో అన్నీ వింటారు. ముక్కు మూసుకోవడం పిల్లలకి పుట్టుకతో రాదు.

మన పిల్ల మీద ఫిర్యాదు వస్తే చటుక్కున ‘మా పిల్ల అలాంటిది కాదు’ అనకండి. అలాగని చావబాదకండి కూడా. బలవంతుడు బలహీనుణ్ణి కొట్టడమే కదా దాని తప్పు? మనమూ అదే చేస్తే ఏం నేర్చుకుంటుంది? ఆ పిల్ల దగ్గరికి తీసుకెళ్ళి క్షమాపణ చెప్పించండి. లాక్కున్నది తిరిగి ఇప్పించండి. తర్వాత నెల రోజులు గమనిస్తూ ఉండండి.

ఇంకో రకం పిల్లలున్నారు. ఏడిపించరు, ఏడవరు, చూస్తుంటారు. తరగతిలో ఎక్కువమంది వీళ్ళే. వాళ్ళు నవ్వకపోతే సగం వేధింపులు అక్కడే చచ్చిపోతాయి. ‘నువ్వు వెళ్ళి పోట్లాడక్కర్లేదు, భోజనం దగ్గర ఆ పిల్ల పక్కన కూర్చో చాలు’ అని మన పిల్లకి చెప్పగలిగితే, అది ఏ కమిటీకీ తీసిపోని పని.

ప్రమాద సూచిక చూడడం మనకు కొత్తా?

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తాక తుపాను సంకేతాలు వినడం మనం నేర్చుకున్నాం. బందరు రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో ఇక్కడి ఆడవాళ్ళు కూడా చెబుతారు. పిల్లల్లోనూ అలాంటి సూచికలుంటాయి. సెలవు రోజున లేని కడుపునొప్పి, తరచూ పోయే పెన్నులూ డబ్బాలూ, తినకుండా తిరిగొచ్చే కారియరు, బడిలో బాత్రూంకి వెళ్ళకుండా ఇంటికి రాగానే పరుగెత్తడం, ఇష్టంగా వేసుకునే జడ గంటలో రిబ్బనో ఉన్నట్టుండి వద్దనడం, ఫోను మోగితే ఉలిక్కిపడడం. ఒకటి కనిపిస్తే గమనించండి. మూడు నాలుగు కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడండి.

ఎలా మాట్లాడాలి? ‘నిన్నెవరైనా ఏమైనా అన్నారా?’ అంటే ‘లేదు’ అనే వస్తుంది. ‘ఇవాళ అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావ్?’ అని అడగండి. ‘ఆటల పీరియడ్‌లో ఎవరు పిలిచారు?’ అనండి. కూరగాయలు తరుగుతూ, జడ వేస్తూ, మొహం చూడకుండా అడిగితే ఇంకా మంచిది. కళ్ళలోకి చూసి అడిగితే దాక్కునే మాటలు, వెనక నుంచి జడ అల్లుతుంటే బయటికొస్తాయి.

చెప్పాక మనం అనాల్సింది మూడే మాటలు. ‘చెప్పి మంచిపని చేశావ్. ఇందులో నీ తప్పు లేదు. నీకు చెప్పకుండా నేనేమీ చేయను.’ ‘నువ్వేం చేశావ్’ అన్న ప్రశ్నని ఆ రోజుకి మింగేయండి. చదువు మానిపిస్తామన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి.

ఆ తర్వాత ఒక పుస్తకంలో ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు అని రాసి పెట్టండి. ఫోన్లో వచ్చినవి చెరిపేయకుండా ఉంచండి. క్లాసు టీచరుకి నోటితో చెప్పండి. వారంలో మార్పు లేకపోతే హెడ్మాస్టరుకి కాగితం మీద రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. అవతలి పిల్ల ఇంటి మీదికి నేరుగా వెళ్ళకండి. అది రెండు కుటుంబాల తగువై, చివరికి పిల్ల మళ్ళీ ఒంటరిదవుతుంది. సర్కారు బళ్ళలో యాజమాన్య కమిటీలున్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యుల్లో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. ఆ సగం మంది సంతకాలకేనా? 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా బళ్ళలో మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అలాంటి సమావేశంలో ఈసారి మార్కుల తర్వాత ఒక ప్రశ్న అడగండి: ‘మా పిల్లల్ని ఎవరైనా ఏడిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి?’ ఒక్కరు అడిగితే నోరు మూయిస్తారు. పదిమంది అడిగితే జవాబు చెబుతారు.

టీచర్లకూ ఒక మాట. మన అవనిగడ్డ డిఎస్సీ కోచింగ్‌కి రాష్ట్రంలోనే పేరున్న ఊరు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి, ఇరుకు గదుల్లో ఉండి, పియాజేనీ కోల్‌బర్గ్‌నీ బిట్లు బిట్లుగా బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. 2025 డిఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ కొత్త టీచర్లు ఇప్పుడు తరగతుల్లోకి వచ్చారు. శిశు వికాసం పేపర్లో మార్కులు తెచ్చిపెట్టిన ఆ చదువంతా ఆఖరి బెంచీలో తల వంచుకుని కూర్చున్న పిల్ల కోసమేనని వాళ్ళు గుర్తు పెట్టుకుంటే చాలు. నల్లబల్ల మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాయించడం మానేసి, మాట్లాడని పిల్ల పేరు మనసులో రాసుకుంటే ఇంకా మంచిది.

పిల్ల బాగా కుంగిపోయి, బతకడం మీద విసుగు మాటలు మాట్లాడితే రేపటిదాకా ఆగకండి. ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు ఖర్చు కాదు. పిల్లల హెల్ప్‌లైను 1098. ఈ రెండు అంకెలూ క్యాలెండర్ పక్కన, గ్యాసు నంబరు రాసుకున్న చోటే రాసి పెట్టండి. పిల్లలకి కనపడేలా రాయండి. మనకి చెప్పలేనిది వాళ్ళకైనా చెప్పుకుంటారు.

సిగ్గు అనేది బరువు లాంటిది. ఎవరో ఒకరు మోయాల్సిందే. ఇన్నాళ్ళూ దాన్ని పదేళ్ళ పిల్లల భుజాల మీద, పుస్తకాల సంచీతో పాటు వేసి పంపాం. దాన్ని దింపి, ఏడిపించినవాళ్ళ మీదా, చూసీ చూడనట్టు ఊరుకున్న బడి మీదా, ‘సరదాకి అని ఉంటార్లే’ అన్న మన మీదా పెడితే ఆ పిల్ల నడుము నిటారవుతుంది. సోమవారం పొద్దున్న కడుపునొప్పి వస్తే ఈసారి వాము నీళ్ళు కలపబోయే ముందు ఒక్క నిమిషం పక్కన కూర్చోండి. నొప్పి కడుపులోదేనా అని అడగండి.